పక్కింటావిడ ఆర్డర్ చేసిన కారు

అమెరికాలోని ఇర్వింగ్‌లో మేము అద్దెకున్న ఇంటి పక్కన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. భర్త పోయి అప్పటికే చాలా కాలమైంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఇది డెబ్బైల చివరి మాట. మా ఆయన ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. నాకు అప్పుడే ఒక ఆస్పత్రి లాబ్‌లో ఉద్యోగం దొరికింది. ఆ ఊళ్ళో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. ఉన్న ఒక్క చిన్న కారూ ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయేది. మేము రెండో కారు కోసం చూస్తున్నామని తెలిసి, ఒక శనివారం ఆ పెద్దావిడ మమ్మల్ని పిలిచి తన షెడ్డు తలుపు ఎత్తింది.

లోపల ముదురాకుపచ్చ రంగు కారు ఉంది. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు. ముందువైపు ఎంత వెతికినా లైట్లు కనిపించలేదు. కమ్మీల వెనక మూతలేసి దాచారట. పదేళ్ళనాటిదైనా ఎక్కడా గీత పడలేదు. పెట్రోలు ధర పెరిగాక అలాంటి పెద్ద ఇంజన్ కార్ల మొహం చూసేవాళ్ళు లేరు. మా ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి చూసి, ఆ సాయంత్రమే సరేననేశారు.

మర్నాడు తాళం తీసుకుని కూర్చోబోయి ఆగిపోయారు.

"ఇందులో మూడు పెడల్స్ ఉన్నాయి," అన్నారు.

"కొనేముందు చూడలేదా?"

"బయటి నుంచి చూశాను."

ఆయన అమెరికా వచ్చాకే డ్రైవింగ్ నేర్చుకున్నారు, అదీ ఆటోమేటిక్ మీద. నాకైతే ఏదీ రాదు. మా వాలకం చూసి పెద్దావిడకి విషయం అర్థమైంది. ఆదివారం ప్రార్థనలయ్యాక చర్చి పార్కింగ్ లాట్ ఖాళీ అవుతుంది, కారుని అక్కడిదాకా ఎలాగోలా తను తీసుకొస్తానంది.

మొదట మా ఆయన కూర్చున్నారు. కారు కప్పలా గెంతి ఆగిపోయేది. మళ్ళీ స్టార్ట్ చేసేవారు, మళ్ళీ గెంతేది. వెనక సీట్లో నేను, ఆయన పక్కన పెద్దావిడ, ఇద్దరమూ ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉండేవాళ్ళం. కొన్ని ఆదివారాలు అలా గడిచాక ఆయన తాళం నా చేతిలో పెట్టి, "నాకు ఆటోమేటిక్ అలవాటైపోయింది. నువ్వు నేర్చుకో. చిన్న కారు నేను తీసుకెళ్తాను," అన్నారు.

నేను పొట్టిదాన్ని. వీపు వెనక దిండు పెట్టుకుంటే తప్ప క్లచ్ అందేది కాదు. అందినా దిగేది కాదు, అంత బరువు.

"కాలితో తొక్కకు, నడుముతో తొక్కు," అనేది పెద్దావిడ. "తొక్కేటప్పుడు వీపు సీటుకి ఆనించు. వదిలేటప్పుడు మాత్రం తొందరపడకు. అది ఎక్కడ పట్టుకుంటుందో నీ కాలికే తెలుస్తుంది."

ఒక ఆదివారం నిజంగానే తెలిసింది. కారు గెంతకుండా మెల్లగా కదిలింది. ఆవిడ కిటికీ అద్దం దించి మోచెయ్యి బయట పెట్టుకుని కూర్చుంది. ఆ ఉత్సాహంలో అడిగాను, "మీవారికి ఈ కారంటే చాలా ఇష్టమా?" అని.

"ఆయన దీన్ని ఒక్కసారి కూడా నడపలేదు. ఇది నాది," అంది.

తర్వాత చెప్పింది. కొనడానికి డీలర్ దగ్గరికి ఒక్కతే వెళ్ళిందట. సేల్స్‌మన్ కుర్చీ చూపించి, మీ ఆయన ఎప్పుడొస్తారని అడిగాడట. రారని చెప్పి, కేటలాగ్ తీసుకుని రంగు, సీట్లు, ఇంజను, దాచిన లైట్లు అన్నీ ఒక్కొక్కటే తనే ఎంచుకుందట. ఆడవాళ్ళందరూ ఆటోమేటిక్ తీసుకుంటారండీ అన్నాడట అతను. నాలుగు గేర్లదే కావాలని రాయించిందట. ఫ్యాక్టరీలో తయారై వచ్చేదాకా రోజూ కాలెండర్ చూసుకుందట. వచ్చిన రోజు లంచ్ వేళ ఎక్స్ఛేంజిలో ఆడవాళ్ళందరూ బయటికొచ్చి చుట్టూ నిలబడ్డారట.

"మరి ఎందుకు అమ్మేశారు?"

ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "ఇది క్లచ్ తొక్కనివ్వడం లేదు."

నాకు లైసెన్స్ వచ్చింది. రోజూ ఆ కారులోనే లాబ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. దాని అలవాట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పెట్రోలు పోసే మూత ఎక్కడుందో కనుక్కోవడానికే ఒక పూట పట్టింది. వెనకాల నంబర్ ప్లేటుని కిందికి వంచితే దాని వెనక ఉంటుంది. ఆ ప్లేటు స్ప్రింగు గట్టిది, ఏమరుపాటుగా వదిలితే వేళ్ళు నలిగేవి. లైట్ల మూతలు కరెంటుతో తెరుచుకునేవి కావు. ఇంజను గాలి పీల్చే బలమే సన్నని రబ్బరు గొట్టాల గుండా వెళ్ళి వాటిని కదిలించేది. ఆ గొట్టాలు పాతబడి ఎక్కడో గాలి పోయేది. సాయంత్రం రెండు మూతలూ వేసే వెళ్ళేదాన్ని, పొద్దున చూస్తే కుడివైపుది సగం తెరుచుకుని ఉండేది. ఏదో కునుకు తీస్తూ ఒక కన్ను తెరిచి చూస్తున్నట్టు ఉండేది దాని వాలకం. మా ఆయన ఒక వారాంతమంతా కూర్చుని గొట్టాలన్నీ మార్చారు. కుడిది బాగుపడింది. తర్వాత ఎడమది మొదలుపెట్టింది.

ఆగస్టు ఎండల్లో ఇంకో ఇబ్బంది. ట్రాఫిక్‌లో నిలబడితే ఇంజను వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోయి కారు ఆగిపోయేది. పెద్దావిడ చెప్పినట్టు ఒక సీసాలో నీళ్ళు, పాత తువ్వాలు సీటు కింద పెట్టుకుని తిరిగేదాన్ని. బానెట్ ఎత్తి, తడిగుడ్డ ఆ గొట్టం మీద వేసి, పక్కన నిలబడితే కాసేపటికి కారు తిరిగి దారికొచ్చేది. చీరలో ఉన్న మనిషి అంత పెద్ద ఇంజనుకి తడిగుడ్డ వేస్తుంటే కార్లు నెమ్మదించి చూసి వెళ్ళేవి. కొన్నాళ్ళకి నాకు సిగ్గు పోయింది. చెప్పాలంటే కొంచెం గర్వం కూడా వచ్చింది.

మరుసటి ఏడాది వసంతంలో ఒక మధ్యాహ్నం లాబ్ నుంచి వస్తున్నాను. హైవే ఎక్కే ర్యాంప్ మీద రెండో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే బానెట్ కింద ధబ్బుమని పెద్ద చప్పుడైంది. భయపడి కాలు తీసేశాను. కారు మాత్రం ఆగకుండా ఇంకా వేగం అందుకుంది. పెడల్ దానంతటదే కిందికి దిగి ఉంది, బూటు మొనతో పైకి లేపినా లేవలేదు. ముందర ఒక ట్రక్కు వెనక తలుపులు దగ్గరకొచ్చేస్తున్నాయి. క్లచ్ నొక్కేశాను. ఇంజను చెవులు చిల్లులు పడేలా అరిచింది. అప్పుడు తోచింది, తాళం తిప్పేశాను. అరుపు ఆగిపోయింది. దాంతోపాటే స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగి, బ్రేక్ మీద నిలబడినంత పని చేసి, రోడ్డు పక్క కంకర మీదికి చేర్చాను. చాలాసేపు దిగలేకపోయాను.

మా ఆయన వచ్చి కారుని గరాజ్‌కి లాగించారు. మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. అంతా ఎక్కడిదక్కడే ఉంది. యాక్సిలరేటర్ నొక్కి వదిలాడు, వెంటనే పైకొచ్చింది. అతను నాతో కాకుండా మా ఆయనతో మాట్లాడాడు. కంగారులో కొందరు బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కుతారు, మామూలేనన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన నెమ్మదిగానే అడిగారు. "బూటు చిక్కుకుపోయిందేమో చూశావా?"

"నేను కాలు తీసేశానండీ."

"తీశాననుకున్నావేమో. అలాంటప్పుడు మనకి తెలీదు."

వారంపాటు పక్క లాబ్ ఆవిడ కారులో వెళ్ళొచ్చాను. పచ్చ కారు వాకిట్లో కదలకుండా పడి ఉంది. దాన్ని దాటి వెళ్ళేటప్పుడు అటు చూసేదాన్ని కాదు. ఆయన మాటే నిజమేమోనని నాకూ అనుమానం మొదలైంది. అది మరీ బాధగా ఉండేది.

కారు కదలడం లేదని పెద్దావిడ గమనించింది. శనివారం వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాను. మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు. అంతా విని, "చప్పుడు ముందా, వేగం ముందా?" అంది.

"చప్పుడే ముందు."

"అయితే కూర్చో. బానెట్ ఎత్తే ఉంచు. బ్రేక్ గట్టిగా తొక్కి, మొదటి గేర్ వేసి, క్లచ్ కొంచెం, కొంచెమే వదులు. కదలాలని చూస్తుంది, కదలనివ్వకు."

మా ఆయన కూడా బయటికొచ్చారు. ఆవిడ ఆయన్ని కారు ముందు నుంచి తప్పుకోమని చెప్పి, తనూ పక్కకి జరిగి నిలబడింది. నాకు కూర్చోవాలని లేదు. అయినా కూర్చున్నాను. చెప్పినట్టే బ్రేక్ అదిమి, క్లచ్ మీద పట్టు సడలించాను. ఇంజను బరువుగా గుర్రుమంది. మరుక్షణం ధబ్బుమంది, అదే చప్పుడు. పెడల్ నా కాలి కింది నుంచి జారి కిందికి పోయింది. తాళం తిప్పేశాను.

"చూశావా?" అంటోంది ఆవిడ మా ఆయనతో.

ఆయన చూశారు. ఇంజను ఎడమవైపు జానెడు ఎత్తు లేచి, ఆపగానే మళ్ళీ తన చోట కూర్చుంది. దాన్ని కింద పట్టి ఉంచే దిమ్మలు రెండు ఉంటాయి, ఇనుప రేకుల మధ్య రబ్బరు. ఎడమదానిలో రబ్బరు ఇనుము నుంచి పూర్తిగా ఊడిపోయింది. ఇంజను ఒళ్ళు విరుచుకున్నప్పుడల్లా పైకి లేచి, యాక్సిలరేటర్ కడ్డీని తనతోపాటు లాక్కుపోతోంది. ఆపాక చూస్తే ఏ తేడా కనిపించదు. ఆవిడతో పనిచేసిన ఒకామెకి ఇలాగే జరిగిందట.

మా ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చి అద్దం అంచు పట్టుకుని నిలబడ్డారు.

"నీ కాలు కాదు," అన్నారు.

"చెప్పానుగా."

"చెప్పావు. నేనే వినలేదు."

కొత్త దిమ్మలు డీలర్ పార్ట్స్ కౌంటర్‌లో అడిగాం. పాత మోడల్ కాబట్టి తెప్పించాలన్నారు. వచ్చాక ఎడమదీ కుడిదీ రెండూ మార్పించాం. అంతటితో ఊరుకోకుండా మా ఆయన ఒక లావుపాటి గొలుసు కొనుక్కొచ్చి ఇంజనుని ఎడమవైపు ఫ్రేముకి కట్టి బిగించారు. ఫ్యాక్టరీ వాళ్ళు చూస్తే నవ్వుతారని మెకానిక్ అన్నాడు. నవ్వనివ్వండి అన్నారు ఈయన.

కారు సిద్ధమైంది కానీ నేను కాలేదు. ర్యాంప్ తలుచుకుంటేనే తాళం మళ్ళీ మేకుకి తగిలించేసేదాన్ని. ఒక ఉదయం పెద్దావిడ చేతిసంచీ పట్టుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కంటి డాక్టర్ దగ్గరికి దింపమంది. ఆ డాక్టర్ ఉన్నది హైవే అవతల. ర్యాంప్ దగ్గరికి రాగానే నేను నెమ్మదించాను. వెనకవాడు హారన్ కొట్టాడు.

"ఇటు కూర్చుంటే బానెట్ ఇంత పొడుగ్గా కనిపిస్తుందని నీకు నేర్పించేదాకా నాకు తెలీదు," అంది ఆవిడ ముందుకి చూస్తూ. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే రెండో గేర్ వేసి తొక్కాను. కారు సాఫీగా పైకెక్కింది.

తర్వాత కొన్నేళ్ళకి ఆవిడ పక్క రాష్ట్రం అర్కన్సాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. మాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. రెండు తలుపుల కారులో వెనక సీటులోకి వంగి పిల్లల్ని ఎక్కించీ దించీ నా నడుం పోయేది. ఎనభైల మధ్యలో పేపర్లో ప్రకటన ఇచ్చాం. ఈసారి ఫోన్లు ఆగలేదు. అప్పుడు ఎవరికీ అక్కర్లేని కార్లని ఇప్పుడు జనం వెతుక్కుంటున్నారు. వచ్చినవాళ్ళలో ఒక యువకుడు టార్చి, చిన్న అద్దం పట్టుకుని కారు కిందికి దూరాడు. ఇంజను మీద పోత పోసినప్పటి అంకెలు చదువుకుని, "ఒరిజినల్ ఇంజనే," అని పిల్లాడిలా సంతోషించాడు. గొలుసు చూసి మొహం చిట్లించాడు. అదెందుకుందో చెప్పాను. నేను ర్యాంప్ సంగతి చెబుతుంటే లేచి కూర్చుని శ్రద్ధగా విన్నాడు. మంచివాడే అనిపించింది. అతనికే ఇచ్చాం.

సాయంత్రం అర్కన్సాకి ఫోన్ చేసి అమ్మేశానని చెప్పాను. ఆవిడ బాధపడుతుందేమోనని ముందే మాటలు కూడదీసుకున్నాను. వాటి అవసరం రాలేదు.

"అతను దాన్ని నడుపుతాడా, ఎగ్జిబిషన్లకి ట్రైలర్ మీద తిప్పుతాడా?" అని అడిగింది.

"అడగలేదండీ. పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చాడు. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయే నడుపుకుంటూ వెళ్ళింది."

"అయితే సరే," అంది ఆవిడ. తర్వాత, తను ఈ ఏడు టమాటా మొక్కలు పెట్టాననీ, కుందేళ్ళు వాటిని బతకనిచ్చేలా లేవనీ చెప్పడం మొదలుపెట్టింది.