విత్తనాల బోర్డు మీద ఆంజినమ్మ

గొర్రు వెంట నడుస్తూ గింజలు వదలడం తేలికైన పనని గట్టు మీద కూర్చున్నవాళ్లు అనుకుంటారు. కళ్యాణదుర్గం దగ్గరి ఒక ఊళ్లో ఆంజినమ్మ ఆ పని ఇరవై ఆరేళ్లుగా చేస్తోంది. ఎద్దులను తోలేది మొగుడు చెన్నప్ప, గింజ వదిలేది ఆమె. గొర్రుకు బిగించిన చెక్క గిన్నెను జడ్డిగం అంటారు. అందులోకి పిడికిట్లోంచి వేరుశనగ గింజలు ఒక్కటొక్కటిగా జారాలి. ఒక్క అడుగు ఏమరితే పంట కోసేదాకా అక్కడి నేల బోడిగా కనిపించి పరువు తీస్తుంది. ఆంజినమ్మ విత్తిన చేను ఎన్నడూ పరువు తీయలేదు. అయినా పంట బాగా వస్తే అందరూ "చెన్నప్ప సేను సూడండప్పా" అనేవాళ్లే తప్ప ఆమె పేరెత్తినవాళ్లు లేరు. ఆ బాధ ఆమెకు ఉండేది.

అందుకే ఒక విత్తనాల కంపెనీ తరఫున విజయభాస్కర్ కెమెరాతో దిగి, "మీ చేలో ఫొటో తీసి ఊరూరా బోర్డులు పెడతాం" అన్నప్పుడు ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. కొంగు బిగించి, ఒడి నిండా గింజలు పోసుకుని గొర్రు వెనక నిలబడింది.

"అక్కడ కాదమ్మా," అన్నాడు విజయభాస్కర్. "రైతు విత్తుతుంటే మీరు అన్నం గంప నెత్తిన పెట్టుకుని నవ్వుతూ రావాలి. చూసేవాళ్లకు అదే నచ్చుతుంది."

"యాడినుంచి వచ్చేది సార్? పొద్దన్నుంచీ ఈడనే ఉండా. నేను లేకుంటే గింజ ఎవురు వదలల్ల?"

"ఫొటోలో గింజ కనపడదులేమ్మా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పప్పా."

చెన్నప్ప కొత్త తలపాగా సర్దుకుంటున్నాడు. "ఒక ఫొటోకేమి పోతాదిమే, గంప ఎత్తుకో."

ఇచ్చిన గంప ఖాళీది. ఆమె కోడికూతకే లేచి వండి తెచ్చిన అసలు సద్ది గట్టు మీదే ఉంది. దాన్నెవరూ ఫొటో తీయలేదు.

మరుసటి ఏడు వానల ముందు కళ్యాణదుర్గం బస్టాండు ఎదుట బోర్డు లేచింది. చెన్నప్ప ఠీవిగా గొర్రు తోలుతున్నాడు. జడ్డిగం దగ్గర మాత్రం మనిషే లేదు. విత్తనాలు అమ్ముకునే కంపెనీ బోర్డు మీద ఒక్క గింజా నేలలో పడటం లేదన్నమాట! ఊళ్లో వెంకటేశులు పడీపడీ నవ్వాడు. "ఏం చెన్నప్పన్నా, గాలి విత్తుతాండావా?" ఆంజినమ్మకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

ఆ వారమే సంతకు పోతుంటే షేర్ ఆటో ఆ బోర్డు ముందు ఆగింది. పక్కన కూర్చున్న పొరుగూరి ఓబులమ్మ బోర్డును చూసింది, ఈమె మొహం చూసింది.

"ఏమ్మా, ఆ గంప మోస్తాండేది నువ్వే కదా? బలే ఉండావే!"

ఇన్నేళ్లూ ఆంజినమ్మ కోరుకున్నది అదే, నలుగురూ తనను గుర్తుపట్టాలని.

"నేను కాదక్కా," అంది. "ఆ యమ్మ ఎవురో, మొగునికి సద్ది ఎత్తుకపోతాండాది. నేను గింజలు వదిలేదాన్ని."