కార్డు పళ్ళకి కుంకుమ బొట్టు

నేను డిగ్రీ చదివే రోజుల్లో, భవానీపురంలోని మా ఇంట్లో ఓ పాత కంప్యూటర్ ఉండేది. కార్ రేసు ఆడితే బొమ్మ ఆగి ఆగి కదిలేది. మా మేనత్త కొడుకు రవి బావ ప్రతిసారీ గెలిచి, "నీది ఎడ్లబండిరా" అని వీధంతా చాటేవాడు.

కసికొద్దీ, బొమ్మ ఆగకుండా కదలడానికి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొని బావని పందేనికి పిలిచాను. బిగించేముందు అమ్మ బొట్టు పెడతానంది. "అదిగో, ఆ మెరిసే చోట పెట్టత్తా" అన్నాడు బావ. నాకూ అదే శుభమనిపించింది. స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. బావ పడీ పడీ నవ్వాడు.

వన్ టౌన్‌లో కార్డు కొన్న షాపుకి వెళ్ళి, "డూప్లికేట్ అంటగడతారా?" అని పదిమందిలో అరిచాను. ఓనర్ కరీం గారు కార్డు తిప్పి చూశారు. "కరెంటు అందే ఈ మెరిసే పళ్ళకి కుంకుమ పెడితే ఎలాగండీ?" అంటూ రబ్బరుతో తుడిచి, తన కంప్యూటర్లో పెట్టగానే బొమ్మ వచ్చింది. షాపంతా ఒకటే నవ్వులు. బావ చదివేది ఎలక్ట్రానిక్స్ అని అప్పుడు గుర్తొచ్చింది నాకు!

తర్వాత రేసులో ఎన్నిసార్లు గెలిచినా ఆ మంట చల్లారలేదు. క్షమించే గుణం నాకు లేదని అప్పుడే తెలిసింది. రెండేళ్ళకి బావ కొత్త కెమెరా కొని, బొట్టు పెట్టమని అమ్మ దగ్గరికి తెచ్చాడు. కుంకుమ భరిణె నేనే అందుకున్నాను. కెమెరాలో మెరిసే చోటు లెన్సే కదా!