గుంట మగ్గం పక్కన

అక్క కోసం గద్వాలలో ఒక ఇంట్లో చీర చూస్తుండగా నేల వణికింది. రెండు మూడు క్షణాలే. గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న నర్సింలన్న బయటికి దూకాడు. వీధిలోని మగ్గాలన్నీ ఆగిపోయాయి.

కాసేపటికి ఆయన మళ్లీ కూర్చోబోతే వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. "కాళ్లు గుంటల ఉండంగ గోడ కూలితే ఎట్ల లేస్తవ్‌రా?"

భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి కనుక తెలిసింది వరుసగా చెప్పాను. మన కింద ఉన్నది ఒక పెద్ద రాతి పలక. అది ఏటా రెండంగుళాలు ఉత్తరానికి జరుగుతోంది. అక్కడ ఆసియా పలకను ఒత్తడం వల్లే హిమాలయాలు లేచాయి. ఆ ఒత్తిడే అప్పుడప్పుడు ఇక్కడి పాత పగుళ్లలో బయటపడుతుంది. మనం పలక అంచుకు చాలా దూరం, పెద్ద భూకంపాలు అరుదు.

"అంటే మల్ల రాదా?" అందామె.

"రాదని చెప్పలేనమ్మా. భయం తక్కువే."

"అయితే జర నువ్వు కూసో బిడ్డా. నువ్వు కూసున్నంక వీన్ని కూసోనిస్త."

కొత్తవాణ్ణి మగ్గం మీద కూర్చోనిస్తారని నేననుకోలేదు. గుంటలోకి కాళ్లు దించాను. అంతలో గుంట గోడ అదిరింది. ఒక్క ఉదుటున పైకొచ్చేశాను.

"పక్కింటోళ్ల మగ్గం సారూ! మల్ల షురూ చేసిండ్రు," అని నర్సింలన్న పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే గుంటలోకి దిగాడు.

వాళ్లమ్మ నవ్వలేదు. పీట తెచ్చుకుని కొడుకు చెయ్యి అందేంత దగ్గర కూర్చుంది. నాకు రెండో పక్క చోటు చూపించింది.

"వీన్ని పైకి గుంజాలంటే ఇద్దరం ఉండాలె."

నేనెక్కాల్సిన బస్సు వేళ దాటిపోయింది. నేను కదల్లేదు.