పగలని గుమ్మడికాయ

ఈ పరాయి దేశంలో మేముండే క్లేటన్‌లో కూరగాయల దుకాణానికి వెళ్లినప్పుడల్లా బూడిదరంగు గుమ్మడికాయ మీద చెయ్యి వేసి చూస్తాను. చల్లగా, రాయిలా తగులుతుంది. ఇరవై ఏళ్లు దాటినా ఆ స్పర్శకు నాకు ఒళ్లు మండుతుంది. మణి అంకుల్ గుర్తొస్తారు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తిరగబడతాయన్న భయమే మాకు అన్నం పెడుతున్న రోజులవి. నేను పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచూసేదాన్ని. పక్కింటి మణి అంకుల్ ఆఫీసులు శుభ్రం చేసేవారు. అంతకుముందు మద్రాసులో తమిళ, తెలుగు సినిమాలకు పదిహేనేళ్లు సహాయ దర్శకుడు. సొంతంగా ఒక్కటీ తీయలేకపోయారు. ఆ కసితోనే ఇక్కడ ఆదివారాల్లో, అద్దె వీడియో కెమెరాతో ఒక తమిళ హాస్యచిత్రం మొదలుపెట్టారు. అందులో ఒక దర్శకుడు మొదటి షాటు తీయబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి కథ మార్చమంటారు. ఆఖరికి హీరో అత్తగారు కూడా. నాకు తమిళం అంతంతమాత్రమే అయినా పొట్టచెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

నాకొక నోట్‌బుక్కు ఇచ్చి కెమెరా పక్కన నిలబెట్టారు. ఏ షాటులో కప్పు ఎవరి ఏ చేతిలో ఉందో రాయడం నా పని. ఒకసారి "కుడిచెయ్యే అనుకుంటా అంకుల్" అన్నాను.

"అనుకునేదంతా వద్దు పాపా. చూసింది మాత్రం రాయి" అని ఆ షాటు మళ్లీ తీశారు. ఆఫీసులో ఏ మేనేజరూ నాకు అంతకన్నా పనికొచ్చే మాట చెప్పలేదు.

షూటింగ్ పూర్తయితే గుమ్మడికాయ కొట్టడం సినిమావాళ్ల ఆచారం. మా షూటింగ్ ఆఖరి రోజున మణి అంకుల్ తెచ్చిన బూడిదరంగు కాయ మీద కర్పూరం వెలిగించారు గానీ కొట్టలేదు.

"జనం చివరి పేరుదాకా చూడనీ, అప్పుడు కొడదాం. లైటు పట్టినవాడి పేరు చూడకుండా లేచిపోతే అదేం సినిమా పాపా?" అన్నారు. పదిహేనేళ్లూ ఆయన పేరు వచ్చేసరికి హాళ్లు ఖాళీ అయిపోయేవట.

తమిళులూ తెలుగువాళ్లూ కలిసి జరిపే దీపావళి సభలో, ఒక స్కూలు హాల్లో మధ్యాహ్నం ప్రదర్శన పెట్టారు. గుమ్మడికాయ కారు డిక్కీలో సిద్ధంగా ఉంది. ముందు సంఘం అధ్యక్షుడు మన కుర్రాళ్లు ప్రపంచాన్ని ఎలా కాపాడుతున్నారో ముప్పావుగంట దంచారు. తర్వాత సినిమా. హాలంతా పగలబడి నవ్వింది. ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా లైట్లు వెలిగాయి.

"సారీ అంకుల్, డోంట్ మైండ్. ఫుడ్ చల్లారిపోతోంది, కిడ్స్ రెస్ట్‌లెస్ అవుతున్నారు. మిగతా స్టోరీ మైకులో చెప్పేయండి, ఓకేనా?" అన్నారు అధ్యక్షుడు.

ఆయన ఉపన్యాసానికి చల్లారని బిర్యానీ ఒక మనిషి బతుకంతా ఎదురుచూసిన పది నిమిషాలకు చల్లారిపోయిందట!

"సినిమా చెప్పేది కాదు సార్, చూసేది" అన్నారు మణి అంకుల్. అప్పటికే కుర్చీలు ఖాళీ. ఆయన వైర్లు చుట్టుకున్నారు. వెళ్తూ క్యాసెట్ నా చేతిలో పెట్టి, "ఇంట్లో చూడు పాపా. చివరిదాకా" అన్నారు. కాయ అలాగే డిక్కీలో వెళ్లిపోయింది. ఆయన మళ్లీ కెమెరా పట్టలేదు.

మర్నాడు క్యాసెట్ పెట్టాను. సినిమా అయిపోయాక పేర్లు మొదలయ్యాయి. అన్నీ తమిళంలోనే. ఆయనకు తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. అయినా అన్నిటికన్నా ముందు, ఎవరినో అడిగి నేర్చుకున్న వంకరటింకర తెలుగు అక్షరాల్లో ఒక పేరుంది. సహాయ దర్శకత్వం: పద్మజ.

ఆయన నన్నెప్పుడూ పాపా అనే పిలిచారు. నా పేరు తెలుసని కూడా అనుకోలేదు.

ఈనాటికీ ఏ సినిమాకైనా చివరి పేరు వెళ్లేదాకా లేవను. "మమ్మీ, ఇట్స్ ఓవర్" అని మా అమ్మాయి చెయ్యి పట్టి లాగుతుంది. కాలేదంటాను. అధ్యక్షుడి మీద కోపం ఎప్పుడో పాతబడింది. నామీద కోపమే ఇంకా వేడిగా ఉంది. ఆ రోజు లైట్లు వెలిగినప్పుడు నేనూ లేచాను. ఆయన వైర్లు చుట్టుకుంటుంటే బిర్యానీ వరుసలో, చేతిలో ప్లేటుతో ఉన్నాను.