పొట్టేలుకు మూడో నెల

ఫోన్ తీగ కీచుమని అరిస్తే గానీ ఇంటర్నెట్ రాని ఆ రోజుల్లో, పేరు కోసం నేను కరవని గడ్డి లేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. అనంతపురంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. గొర్రెల కాపర్ల కోసం మేం రాస్తున్నది ఓపెన్ సోర్సు. అంటే దాని లోగుట్టంతా వెబ్‌సైట్లో తెరిచి పెట్టేవాళ్ళం. ఎవరైనా తీసుకోవచ్చు, దిద్దుకోవచ్చు. అదంతా ఒకే ముద్ద కాదు, విడివిడి మాడ్యూళ్ళు. మందలో ఏ గొర్రె ఏమిటో నమోదు చేసే మాడ్యూలు నాది. ఆ వివరాలు చదివి, చూడివాటికి నమోదు తేదీ నుంచి నెలలు లెక్కగట్టి, జాబితా అచ్చు తీసేది మా సీనియరుది. ఆమెను కామా అక్క అనేవాళ్ళం (వెయ్యి వరుసల ప్రోగ్రాములో తప్పిపోయిన ఒక్క కామాను కాఫీ చల్లారేలోపు పట్టేసేది). ఎవరి మాడ్యూలు వాళ్ళు విడుదల చేసుకోవచ్చు. ఏది కొత్తగా విడుదలైతే అది, రాసినవాడి పేరుతో సహా, వెబ్‌సైట్లో అన్నిటికన్నా పైన కనిపించేది. నా పేరు పైనున్న రోజు నెట్ సెంటరుకు మా మామను లాక్కెళ్ళి మరీ చూపించేవాణ్ణి. "పేపర్లో యాడా కనపళ్ళేదే" అనేవాడాయన.

వెర్షన్ నంబర్ల గురించి అక్క మొదటి రోజే చెప్పింది. "మూడు అంకెలుంటాయప్పా. కడాది మారిస్తే చిన్న రిపేరు. నడిమిది మారిస్తే కొత్త సౌకర్యం, పాతవాటికి ఇబ్బంది లేదు. మొదటిది మార్చినావంటే, ఇది పాతవాటితో పొసగదని ఊరంతా దండోరా వేసినట్టు. అప్పుడు అన్ని మాడ్యూళ్ళూ కలిపి పరీక్ష చేసినాకే బయటికి ఇయ్యల్ల." బుద్ధిగా తలూపాను. తలూపడంలో నాకు మంచి పేరే ఉండేది.

ఒక శుక్రవారం నాకో గొప్ప ఆలోచన వచ్చింది. మా లెక్కలో అంకె ఒకటి అంటే పొట్టేలు, రెండు అంటే చూడి గొర్రె, మూడు అంటే చూడి లేని గొర్రె. పిల్లలకు చోటే లేదు. పిల్లలే కదా మొదట పుట్టేవి! ఒకటో అంకె గొర్రెపిల్లలకిచ్చి, మిగతావాటిని తలా ఒక మెట్టు కిందికి జరిపాను. ఇది మొదటి అంకె మార్చాల్సిన మార్పేనని నాకు తెలుసు (తెలియదని ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను గానీ, తెలుసు). కానీ అలా చేస్తే అక్క పరీక్షలంటూ రెండు వారాలు ఆపుతుంది. అందుకే కడపటి అంకె మార్చి, "చిన్న మరమ్మతు, నిశ్చింతగా వేసుకోండి" అని ప్రకటన రాసి విడుదల చేసేశాను. నా పేరు పైకెక్కింది.

మర్నాడు ముదిగుబ్బ దగ్గర ఒక మందలో నట్టల మందు శిబిరం. ఆఫీసు కంప్యూటర్లో నా కొత్త మాడ్యూలు వేసి (పాత నమోదుల అంకెలన్నీ అదే మార్చేసింది), అక్క పాత మాడ్యూలుతో జాబితా అచ్చు తీసి, చదవకుండా మడిచి పట్టుకెళ్ళాను. ఆ మందు చూడి గొర్రెలకు పట్టకూడదు, ఈసుకుపోయే, అంటే కడుపు పోయే, ప్రమాదం ఉంది. మా జాబితా ఉన్నదే అందుకు. పశువుల డాక్టరుగారు చెవిబిళ్ళ నంబరు చూసి గట్టిగా చదివారు. "దీన్ని వదిలేయండి. మూడో నెల చూడి."

మంద యజమాని, అరవై దాటిన పెద్దాయన, కొమ్ములు తిరిగిన తన పొట్టేలు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఏమప్పా, నా పొట్టేలు సూడితో ఉండాదా? ఎవురు చేసినారు ఈ పని?"

దొడ్డంతా నవ్వులు. "వైరస్ అన్నా, కంప్యూటర్‌కు జరం వచ్చినట్టుండాది" అని బొంకాను. నవ్వు నన్ను కాపాడిందనుకున్నాను. ఇంతలో డాక్టరు తర్వాతి నంబరు చూసి, "ఇది వట్టిదే" అని మందు సీసా ఎత్తారు. పెద్దాయన భార్య పరుగున వచ్చి ఆ గొర్రెకు అడ్డం నిలబడింది.

"వద్దు సారూ! కార్తీకంలో కట్టింది, నాకు తెల్దా? ఎవుడు రాసినాడు ఈ కాయితం?"

అప్పుడర్థమైంది నాకు. జాబితాలో మొత్తం అంతా ఒక మెట్టు జరిగిపోయింది. చూడివన్నీ వట్టివయ్యాయి. ఆమె ఆ పూట మందలో లేకపోతే? "నేనే రాసినాను పెద్దమ్మా. తప్పు నాది. ఒక్కదానికి కూడా ఈ కాయితం చూసి మందు పట్టద్దండి సార్" అన్నాను. డాక్టరు జాబితా నాకే తిరిగిచ్చారు. పెద్దమ్మ ఒక్కొక్క గొర్రె పొట్ట తడిమి చెబుతుంటే, నేను చూడివాటి వీపు మీద ఎర్రరంగు పూస్తూ సాయంత్రం దాకా తిరిగాను. ఒక్క గొర్రెకూ ఏమీ కాలేదు. నా చొక్కాకు మాత్రం అయ్యింది.

అక్కకు ఫోన్ చేశాను. "ఏ అంకె మార్చినావు?" అంది. చెప్పాను. "వెబ్‌సైట్లో నీ పేరు మళ్ళా పైకి వస్తాది రా, కూర్చొని రాయి" అంది. "ఈ వెర్షన్ వెనక్కి తీసుకుంటున్నాం. కారణం నా తొందర" అని నా పేరుతో రాయించింది. రెండు రోజులకు ఎక్కడో దూరదేశంలో మేకలు పెంచేవాళ్ళ నుంచి జవాబొచ్చింది. "మా మేకపోతులు కూడా గర్భం దాల్చాయి. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు." అప్పటి నుంచి మాడ్యూళ్ళు ఎవరివైనా, కలిపి పరీక్షించిన జతనే ఒక సీడీలో పెట్టి, ఒక పేరుతో బయటికిచ్చేవాళ్ళం. పెద్దాయన మాత్రం నెలకోసారి రూపాయి ఫోన్ నుంచి ఆఫీసుకు చేసేవాడు. "ఇంగా ఈనలేదప్పా. నొప్పులొస్తే చెప్తా."

ఇప్పుడు నా జట్టులో చిన్నవాళ్ళకు నేనంటే విసుగు. అక్షరదోషం దిద్దినా వారం రోజులు ఆపుతానని గొణుగుతారు. నిరుడు ఒకమ్మాయి ఎవరికీ చెప్పకుండా తన మాడ్యూలు విడుదల చేసేసింది. చీవాట్లు పెడదామనే పిలిచాను. భయపడుతూ వచ్చింది గానీ, కళ్ళలో మెరుపు దాచుకోలేకపోతోంది. తెర మీద తన పేరు పైనుంది మరి. కాసేపు ఇద్దరం ఆ పేరు వైపే చూశాం.

"బాగుందమ్మా," అన్నాను. "భోంచేసొచ్చి వెనక్కి తీసుకో."