సర్వపిండి చేసింది మావాడు, పేరు వాళ్లమ్మకా?

సాయంత్రం నుంచి నాకు కోపం తగ్గడం లేదండీ. నాచారంలో మందుల కంపెనీలో పనిచేసే మా అబ్బాయి ఈ రోజు సెలవని సర్వపిండి చేశాడు. పిండి కలిపి గిన్నె లోపల అద్దడం, వేలితో బొక్కలు పెట్టి వాటిలో నూనె వేయడం, అంతా వాడే. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే మా అమ్మ చేసిందే తింటున్నట్టు అనిపించింది. ఆనందం పట్టలేక పక్కింటి యాదమ్మను పిలిచి పెట్టాను.

"వదినా, నీ చేతి రుచే వేరు!" అంది తింటూ. మా ఆవిడ కాదనకుండా నవ్వుతూ నిలబడింది!

"నా కొడుకు జేసిండమ్మా!" అన్నాను.

"ఊకో అన్నా! మొగపిలగాడు సర్వపిండి జేసుడేంది?"

ఒళ్లు మండింది. మిగిలిన సర్వపిండి ఆమె ముందు పెట్టాను. "గీ బొక్కలు సూడు. మీ వదిన వేలు గింత లావుంటదా?"

యాదమ్మ ఒక బొక్కలో తన వేలు పెట్టింది. వదులుగా దిగిపోయింది. మావాడి చేతి వంక చూసి, గోడ మీద నుంచి వాళ్లాయనను కేకేసింది.

"ఓ అయ్యా, జర ఇటు రా! ఈ పిలగాని తాన నేర్సుకో!"

మీ ఇంట్లో కొడుకు వండితే పేరు ఎవరికి పోతుందో నిజం చెప్పండి.