పడవ అడుగు రాళ్లు

నా చిన్నప్పుడు మా అమ్మను పడవ కంట్రాక్టరు చంపాడు. విచారణకు వచ్చిన అధికారి మాత్రం తప్పంతా పడవెక్కిన ఆడవాళ్లదేనని రాశాడు. అందరూ ఒక్కసారిగా లేచి ఒకే పక్కకు నిలబడ్డారట, అందుకే పడవ బోల్తాపడిందట. చచ్చినవాళ్ల మీదే నేరం మోపాడు.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి మాట. మేము ఆ గనుల పక్కనే ఆండర్సన్‌పేటలో ఉండేవాళ్లం. అమ్మ పుట్టిల్లు పెద్ద చెరువుకు ఆవలి గట్టున. వానలు బాగా పడిన ఏడు దారి మునిగిపోతే జనం పడవలో దాటేవారు. ఆ రోజు అమ్మ ఒక్కతే వెళ్లింది.

మా తాతయ్య గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసినవాడు. ప్రమాదం జరిగితే గనివాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఏ వస్తువునూ కదిలించకూడదు, బతికి బయటపడ్డవాళ్లను ఒక్కొక్కరినే విడిగా అడగాలి. అమ్మను కాటికి సాగనంపిన మర్నాడే తాతయ్య నన్ను వెంటబెట్టుకుని చెరువుకు వెళ్లాడు. బతికిన నలుగురినీ నాలుగు చోట్ల కలిశాడు. మొదటినుంచీ నిలబడే ఉన్నాం, కూర్చోవడానికి చోటెక్కడిదని నలుగురూ అదే మాట చెప్పారు. రేవు పక్క పొదల్లో నాచు పట్టిన గుండ్రాళ్ల కుప్ప కనబడింది. బురద ఇంకా ఆరలేదు. పడవ ఒరగకుండా అడుగున వేసే రాళ్లవి. ఆ బరువు తగ్గితే ఇంకొంతమందిని ఎక్కించవచ్చని కంట్రాక్టరే తీయించాడని, పడవ నడిపేవాడు తల దించుకుని ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చి తాతయ్య గంగాళంలో నీళ్లు పోసి, పొడుగాటి రేకు డబ్బా ఒకటి వదిలాడు. అడుగున గులకరాళ్లు ఉన్నంతసేపు నేను వేలితో తోసినా అది మళ్లీ లేచి నిలబడింది. రాళ్లు తీసేసి ఊదమన్నాడు. ఊదాను. పడిపోయింది.

ఇదంతా చెబితే అధికారి నవ్వాడు.

"గనిలో పనిచేసేటోడివి, నీళ్ల సంగతి నీకేం తెలుసప్పా?"

"తెలీకనే అడిగినాను సామీ. తెలిసినోళ్లు అడగలేదు గదా."

పడవవాడు అక్కడ మాట మార్చేశాడు. తిరిగొస్తూ దారిలో తాతయ్య నాతో అన్నాడు: "నాకు వేలిముద్ర తప్ప రాదురా. నువ్వు అచ్చరాలు నేర్చుకో. ఆ కంట్రాక్టరు బతికినన్నాళ్లూ వాణ్ణి అడగాల."

అంగడి పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. చేయి కుదిరాక, అమ్మ పోయిన రోజున ఏటా కంట్రాక్టరుకు ఒక కార్డు రాశాను. ఒకే వాక్యం: పడవలో రాళ్లు ఎవరు తీయించారు? కవరులో పెట్టలేదు. పోస్టుమాను చదవాలి, వాళ్లింటి కోడళ్లు చదవాలి. అతను తమక అనే ఊరికి ఇల్లు మారితే విలాసం కనుక్కుని అక్కడికీ రాశాను. ఒకసారి బెదిరించమని మనిషిని పంపాడు. వచ్చినవాడికి కాఫీ ఇచ్చి పంపించి, ఆ ఏడు రెండు కార్డులు రాశాను.

నా జుట్టు నెరిసే వేళకు జవాబొచ్చింది. చదివి సంతోషించానని చెప్పడానికి నాకు సిగ్గులేదు. ఈనాటికీ దాన్ని చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతాను. వంకర అక్షరాలతో మూడే ముక్కలు:

"రాళ్లు నేనే తీయించినాను. ఇంగ కార్డు రాయొద్దప్పా. మా మనవరాలికి చదవడం వచ్చేసినాది."